ఎన్నారై సందేహాలు: పక్క సీటు ఆయనతో ఏం మాట్లాడాలి?

తమ్ముడూ, మినియాపోలిస్ వచ్చి నాలుగు నెలలైందన్నావు. మీ టీమ్‌లో ఒక నల్లజాతి ఆయన ఉన్నాడనీ, జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపిన మే 25 దగ్గరకొస్తుంటే ముభావంగా ఉంటున్నాడనీ, ఏమైనా మాట్లాడాలా, మనకెందుకులే అని ఊరుకోవాలా అనీ అడిగావు. నువ్వు నయం, అడిగావు. నేను అడక్కుండానే అన్నీ తెలిసినట్టు మాట్లాడాను.

నేను 1998లో దిగాను. రెండు సూట్‌కేసులు, జేబులో 500 డాలర్లు, అందులో సగం మా మావయ్య దగ్గర అప్పు. డాలరు 42 రూపాయలు. కాఫీ తాగాలనిపిస్తే 42తో గుణించి మానేసేవాణ్ణి. మీరు వస్తూనే క్రెడిట్ కార్డు గీకుతారు, మీకా కష్టం ఏం తెలుస్తుందిలే. ఆరేళ్ళు అలా కూడబెట్టి మినియాపోలిస్ పక్కనే గోల్డెన్ వ్యాలీలో ఇల్లు కొన్నాను. 1940ల నాటి పాత ఇల్లు, కిటికీలు ఒక పట్టాన తెరుచుకోవు, అయినా నాది. ఆ ఊపులో ఆఫీసుకి లడ్లు పట్టుకెళ్ళాను. మా డేటాబేస్ చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, నల్లాయన, నాకు పని నేర్పినవాడు. ఆయన చేతిలో లడ్డు పెట్టి అన్నాను కదా: "500 డాలర్లతో వచ్చి ఇల్లు కొన్నాను. మీరు తరతరాలుగా ఇక్కడే ఉన్నారు, మీవాళ్ళెందుకు కొనుక్కోరు?"

ఆయన సగం లడ్డు తిన్నాక, "ఆఫీసుకి ఏ రోడ్డు మీద వస్తావు?" అన్నాడు. ఐ-94 అన్నాను. "అది మా తాత వంటింటి మీదుగా పోతుంది" అన్నాడు.

మన పక్క ఊరు సెయింట్ పాల్‌లో రోండో అని నల్లవాళ్ళ పేట ఉండేది. 1950లు, 60లలో దాని నడిబొడ్డు మీదుగా ఈ ఐ-94 ఫ్రీవే వేశారు. వందల ఇళ్ళు, కొట్లు లేచిపోయాయి. చేతికొచ్చిన డబ్బుతో ఇంకోచోట కొందామంటే వాళ్ళకి అమ్మేవాళ్ళేరీ? నేను ఆరేళ్ళుగా ఆ రోడ్డు మీదే తిరుగుతున్నాను, పెట్రోలు లెక్క తప్ప ఇంకేం తెలీదు.

ఇంత విన్నాకైనా నాకు బుద్ధొచ్చిందా? 2020 మే 25న, 20 డాలర్ల దొంగ నోటు ఇచ్చాడన్న ఫిర్యాదు మీద వచ్చిన పోలీసులు ఇక్కడ మినియాపోలిస్‌లోనే జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లాయన్ని పట్టుకున్నారు. వాళ్ళలో ఒకడు 9 నిమిషాల 29 సెకన్లు ఆయన మెడ మీద మోకాలు పెట్టి ప్రాణం తీశాడు. 28వ తేదీ రాత్రి థర్డ్ ప్రెసింక్ట్ పోలీస్ స్టేషన్ తగలబడుతుంటే నేను ఫోన్‌లో ముందు చూసుకుంది మా ఇంటి రేటు. తర్వాత మా ఆఫీసు పెద్దాయనకు మెసేజ్ పెట్టాను: "మీ ఏరియాలో ఆస్తులకేం కాలేదు కదా?" జవాబొచ్చింది: "ఇల్లు బాగానే ఉంది. మా మనవడే నిద్రపోవడం లేదు."

ఏం రాయాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. అదింకో తప్పు. మూడో రోజు మా ఆవిడ పులిహోర డబ్బాలో పెట్టి నన్ను తరిమింది. కోవిడ్ రోజులు కదా, ఆయన వరండాలో మాస్కులతో ఎడంగా కూర్చున్నాం. నేను నోరు మూసుకున్నాను, ఆయనే మాట్లాడాడు. మనవడికి పదహారేళ్ళు, కారు నేర్పుతున్నాడట. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద ఎలా పెట్టాలో బ్రేకు కన్నా ముందు నేర్పాల్సి వచ్చిందట.

మరుసటేడు మా ఇంటి పాత కాగితాలు తీయించాను. తెల్లవాళ్ళకు తప్ప అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని దస్తావేజులోనే రాసుంది! మినియాపోలిస్ చుట్టుపక్కల ఇలాంటివి వేలల్లో ఉన్నాయని యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా వాళ్ళు తవ్వి తీశారు. కొత్తగా అలా రాయకూడదని ఈ రాష్ట్రం 1953లో చట్టం చేసింది, దేశమంతటికీ 1968లో వచ్చింది. ఆ చట్టాల కోసం కొట్లాడింది మా ఆఫీసు పెద్దాయన తాత తరంవాళ్ళు. వాటివల్ల ఇల్లు దొరికింది నాకు. జస్ట్ డీడ్స్ అనే సంస్థ లాయర్లు ఆ షరతును రద్దు చేయించి పెట్టారు, పైసా తీసుకోలేదు.

ఆ కాగితం చూస్తుంటే గుంటూరు గుర్తొచ్చింది. అద్దె ఇంటికెళ్తే ఇంటాయన మొదట అడిగేది "మీరేవిట్లు?" అనే. మా నాన్న నిబ్బరంగా చెప్పేవాడు, తాళాలు చేతికొచ్చేవి. ఆ మాటకే వెనక్కి తిరిగిన వాళ్ళ గురించి మా ఇంట్లో ఒక్కనాడూ మాట రాలేదు.

నీ సంగతికొస్తే, ఆయన్ని కాఫీకి పిలువు, బిల్లు నువ్వే కట్టు. ఈ రోజులు ఆయనకెలా ఉన్నాయో ఒక్కసారి అడిగి, చెప్తే విను, చెప్పకపోతే వదిలెయ్. "మేమూ కష్టపడే వచ్చాం" అని మాత్రం మొదలుపెట్టకు. ఫ్లాయిడ్‌ను చంపిన 38వ వీధి, షికాగో అవెన్యూ కూడలికి రమ్మంటే వెళ్ళు, అక్కడ సెల్ఫీలు వద్దు. ఊరేగింపులకు వెళ్ళేముందు వీసా సంగతి లాయర్ని అడుగు, ఆ రూల్స్ నాకన్నా వాళ్ళు బాగా చెప్తారు. విరాళమిస్తే రసీదు దాచుకో.

జూన్‌లో మీ అమ్మా నాన్నా వస్తున్నారన్నావు. 2015లో అలబామాలోని మ్యాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికొచ్చిన గుజరాతీ పెద్దాయన వీధిలో నడుస్తుంటే, సన్నగా ఉన్న నల్లవాడెవడో తిరుగుతున్నాడని ఎవరో ఫోన్ చేశారు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, ఒళ్ళు పాక్షికంగా పడిపోయింది. పార్టీల్లో "నల్లోళ్ళ ఏరియా, రేటు పెరగదు" అని మనవాళ్ళు అంటుంటే ఆయన గుర్తొస్తాడు. ఒకప్పుడు ఆ మాట నేనే ఎక్కువగా అనేవాణ్ణి. అన్నట్టు, విజిటర్ ఇన్సూరెన్స్ టికెట్లతో పాటే తీసుకో, ఏది మంచిదో నాకు ఫోన్ చెయ్యి.