పూర్తికాల సేవకి వెళ్తానంటున్న మా మేనల్లుడికి

నానీ,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. జనవరి ఒకటిన చర్చిలో తీసిన వాగ్దానం కార్డులో, అదే ఏడాదికో బైబిలు వచనం అచ్చు వేసి ఇచ్చేదాంట్లో, యిర్మీయా 1:5 వచ్చింది, "గర్భంలో నిన్ను రూపించక ముందే నిన్నెరిగాను, నిన్ను ప్రవక్తగా నియమించాను" అని దేవుడు యిర్మీయాతో అన్న మాట, కాబట్టి చెన్నై ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి దేవుని సేవకి వెళ్ళిపోతానంటున్నావు. సంతోషమేరా. కానీ ఆ మాట విన్న యిర్మీయా బతుకు తర్వాత ఎలా నడిచిందో చదివావా? 38వ అధ్యాయంలో ఆయన్ని తాళ్ళతో బురద గోతిలోకి దించారు, ఆ వచనం ఎవరూ కార్డు మీద అచ్చు వేయరు. ఇంకోటి, కార్డు జనవరిలో తీశావు, పిలుపు మాత్రం అప్రైజల్‌లో రేటింగ్ తగ్గిన వారంలో గుర్తొచ్చింది. తప్పు పట్టడం లేదు, అడుగుతున్నానంతే.

నువ్వు రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేశావు. నేనెవర్ని అన్నది ఒకటి, నేనేం చెయ్యాలి అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు నీ ఉద్యోగంలో లేదు, సేవలోనూ లేదు. యొర్దానులో బాప్తిస్మం తీసుకుని బయటికొచ్చిన యేసు గురించి "ప్రియ కుమారుడు" అని ఆకాశం నుంచి మాట వచ్చేసరికి ఆయన ఇంకా ఏ రోగినీ బాగుచేయలేదు, ఏ కొండమీదా ప్రసంగించలేదు, అప్పటిదాకా చేసింది వడ్రంగం. నువ్వు దేవుని బిడ్డవన్నది కూడా అంతే, మైకు పట్టుకుంటే పెరిగేది కాదు, కోడు రాసుకుంటే తరిగేది కాదు.

నాకిది తెలిసేసరికి సగం వయసు అయిపోయింది. 24 ఏళ్ళప్పుడు ఒక ఉజ్జీవ కూటంలో బోధకుడొకాయన నా తలమీద చెయ్యి పెట్టి, ఉత్తరదేశంలో సేవ చేస్తావన్నాడు. నర్సు ఉద్యోగం మానేశాను. నన్ను ఎవరూ ఎక్కడికీ పంపలేదు, ఆయన మళ్ళీ కనబడలేదు, ఏడు నెలలు ఇంట్లో కూర్చుని దేవుడికే నేను అక్కర్లేదేమో అనుకున్నాను. తర్వాత ఇక్కడే వేరే ఆస్పత్రిలో నైట్ డ్యూటీకి చేరాను. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళు తమిళం రాక, డాక్టరు చెప్పింది అర్థంకాక, చీటీ పట్టుకుని బిక్కమొహం వేసేవాళ్ళు. పక్కన నిలబడి తెలుగులో చెప్పేదాన్ని. ఎవరూ అప్పగించిన పని కాదు, ముప్పై ఏళ్ళు చేశాను. మన ఇళ్ళలో పాస్టరయితే పిలుపంటారు, నర్సయితే జీతమంటారు, అదే నాకు ఒళ్ళుమంట.

వేలూరు ఆస్పత్రి పెట్టిన ఐడా స్కడర్ గారి సంగతి వినే ఉంటావు. అమెరికా నుంచి వచ్చింది తల్లికి ఒంట్లో బాగాలేదనే, ఇక్కడ ఉండిపోయే ఉద్దేశమే లేదామెకి. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వేర్వేరుగా వచ్చి ప్రసవం కష్టమైన తమ భార్యల్ని చూడమన్నారు, మగ డాక్టరు మాత్రం వద్దన్నారు. ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. సాక్ష్యాల్లో మనవాళ్ళు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. ఆమె వెనక్కి వెళ్ళి ఏళ్ళ తరబడి చదివి, 1899లో డాక్టరై, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది.

అందుకని ఆరు నెలలు ఆగు. ఈలోపు ఆదివారం బడిలో పిల్లల్ని తీసుకో, ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దు, నువ్వు రాకపోతే ఎవరు ఫోన్ చేస్తున్నారో, ఏ పనిలో అలసిపోయినా మళ్ళీ వెళ్ళాలనిపిస్తోందో చూసుకో. నిన్ను పొగడని మనిషినొకర్ని అడుగు, మీ పీజీలో రూమ్మేట్ అయినా సరే, వాడికి నీ కోపం తెలుసు. పౌలు కూడా కొరింథులో అకుల, ప్రిస్కిల్లల దగ్గర డేరాలు కుడుతూనే సువార్త చెప్పాడు, జీతం తీసుకుంటే పిలుపు చెడిపోదు. నాన్న అప్పు ఇంకా తీరలేదు, ప్రార్థనలో అది కూడా పెట్టుకో.

శనివారం పెరంబూరు రా, చేపల పులుసు చేస్తాను. రాజీనామా మెయిల్ పంపావా లేదా, ముందు అది చెప్పు.

మీ అత్త