ఉద్యోగాలు చేసుకుంటూ నడిపే ఓపెన్ సోర్స్ యాప్‌కు విడుదల తేదీ ఎలా నిలబెట్టుకోవాలి?

మీరు అడిగింది ఇది: బెంగళూరులో ఏడుగురు మిత్రులు కలిసి ఒక తెలుగు నిఘంటువు యాప్‌ను ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడును ఎవరైనా చూసి మార్చుకోగలిగేలా, నడుపుతున్నారు. అందరికీ ఉద్యోగాలున్నాయి. ప్రకటించిన తేదీ ఇప్పటికే మూడుసార్లు వాయిదా పడింది. ఈసారి ఉగాదికి తప్పకుండా కొత్త వర్షన్ ఇవ్వాలి, ప్రణాళిక ఎలా వేసుకోవాలి?

నేను కోడు రాసేదాన్ని కాదు. ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు చూస్తాను. ఫోన్లలో వాడే ఒక తెలుగు కీబోర్డును మా బృందం ఇలాగే నడుపుతోంది, అందులో ఆరేళ్లుగా పరీక్షించే పని నాది. తేదీల పట్టిక కూడా నా నెత్తినే పడింది, ఎందుకంటే మిగిలినవాళ్లకు కోడు రాయడం సరదా, తేదీలంటే చిరాకు.

ముందు మా ఘనకార్యం చెబుతాను. ఒక ఏడాది సంక్రాంతికి విడుదల అని ప్రకటించాం. డిసెంబరంతా ఎవరికి వారు కొత్త హంగులు చేరుస్తూనే ఉన్నారు. భోగి ముందురోజు సాయంత్రం విడుదల చేసేసి, అందరూ మారతహళ్లిలో బస్సులెక్కారు. తెల్లవారేసరికి ఫిర్యాదులు. సున్నా తర్వాత ఒత్తున్న అక్షరం వస్తే చాలు, కీబోర్డు దానంతటదే మూసుకుపోతోంది. అంటే ‘సంక్రాంతి’ టైపు కాదు. ‘శుభాకాంక్షలు’ కూడా కాదు. ఏ రోజున? పండగ రోజున! ‘పండగ పూట మీకు మంచి జరగాలి’ అని పంపి సరిపెట్టుకున్నానని ఒక పెద్దాయన రాశారు. ఆయన తిట్టి ఉంటే ఇంత సిగ్గు వేసేది కాదు.

దిద్దుబాటు మూడు వరుసలే. మా మిత్రుడొకరు నంద్యాలలో అత్తవారింట్లో కూర్చుని మధ్యాహ్నానికల్లా రాసేశారు. కానీ ఆండ్రాయిడ్ యాప్ మనదేనని చూపడానికి దాని మీద ఒక రహస్య ఫైలుతో డిజిటల్ సంతకం చేయాలి, ఆ ఫైలే తాళం. మొదటిసారి ఏ తాళంతో సంతకం చేశామో, ప్రతి కొత్త వర్షన్‌కూ అదే తాళంతో చేయాలి. లేకపోతే ఫోను దాన్ని ఒప్పుకోదు. ఆ తాళం ఒకే ఒక్కరి కంప్యూటర్లో ఉంది. కంప్యూటరు వైట్‌ఫీల్డ్‌లోని ఆయన గదిలో, ఆయన శ్రీకాకుళంలో. దిద్దిన కీబోర్డు జనానికి అందేసరికి తొమ్మిది రోజులయింది.

అప్పుడు నాకు తట్టినది మీకూ పనికొస్తుందనుకుంటాను. మేం ప్రతిసారీ పనిని చూసి తేదీ పెట్టుకునేవాళ్లం, మనుషులను చూసి కాదు. ఆ తర్వాత ఒక ఆదివారం కబ్బన్ పార్కులో కూర్చుని, కాగితం మీద పన్నెండు నెలలు గీసి, ఎవరు ఎప్పుడు ఉండరో రాశాం. జనవరి సంక్రాంతికి పోయింది. మార్చి ఆర్థిక సంవత్సరం ముగింపు, ఆ నెలలో నేను ఇంట్లోవాళ్లకే దొరకను. మాలో ఇద్దరు విద్యార్థులు, వాళ్లకు ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు. అక్టోబరులో దసరా, దాని వెనకే దీపావళి. మిగిలినవి చూస్తే తేదీలు వాటంతటవే తేలాయి: ఫిబ్రవరి చివర, జూన్ చివర, నవంబర్ చివర. ఏడాదికి మూడు విడుదలలు. అంతకు మించి మా వల్ల కాదని ఒప్పుకోవడానికి మా కోడు రాసేవాళ్లకు ఇంకో రెండు గంటలు పట్టింది.

తేదీలు జరగడానికి బద్ధకం కారణమని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో అసలు కారణం వేరు: తర్వాతి విడుదల ఎప్పుడో ఎవరికీ తెలియకపోవడం. రాత్రి ఇదే చివరి బస్సంటే జనం కిటికీల్లోంచి కూడా ఎక్కుతారు కదా. తన పని ఇందులో పడకపోతే మళ్లీ ఏడాది ఆగాలేమోనన్న భయంతో సగం ఉడికినదాన్ని కూడా చేర్చేస్తారు, దాన్ని సరిచేసేందుకు తేదీ జరుపుతారు. పెద్ద ప్రాజెక్టులకూ ఇది తెలియనిదేమీ కాదు. కంప్యూటర్లను నడిపే ఓపెన్ సోర్స్ వ్యవస్థ డెబియన్‌ది సిద్ధమైనప్పుడే విడుదల అనే పద్ధతి. అందులో 2002 జులైలో వుడీ అనే వర్షన్ వచ్చాక, తర్వాతిదైన సార్జ్ కోసం 2005 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. దాని మీదే ఆధారపడిన మరో వ్యవస్థ ఉబుంటు 2004 అక్టోబరులో మొదలై, ఏటా ఏప్రిల్, అక్టోబర్ నెలలకు కట్టుబడింది. వర్షన్ సంఖ్యలోనే ఏడాదీ నెలా ఉంటాయి, మొదటిది 4.10. పని పూర్తి కాకపోతే తేదీ కాదు, ఆ పని వెనక్కి వెళ్తుంది.

మా దగ్గర దీనికి మంచి పరీక్ష నకారపొల్లు. పాత పుస్తకాల్లో పదం చివరి పొల్లు నకారానికి వాడిన ఆ గుర్తును 2021 సెప్టెంబరులో, కంప్యూటర్లలో అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్ 14వ వర్షన్‌లో చేర్చారు. మా మిత్రుడొకరు ఉబ్బితబ్బిబ్బయి ఆ మీటను కీబోర్డులో పెట్టేశారు. మీట పెట్టడం గంట పని. చాలా ఫోన్ల ఫాంట్లలో ఆ అక్షరం లేదు, నొక్కితే ఖాళీ డబ్బా కనిపించేది. పాత పద్ధతిలో అయితే దీని మీద రెండు నెలలు వాదించుకుని విడుదలను ఆపేవాళ్లం. జూన్‌లో మళ్లీ ఉంది కదా అన్నాను. ఆయన ముఖం కొంచెం ముడుచుకున్నారు కానీ తీసేశారు.

ఇక తలుపు మూయడం. డెబియన్, ఉబుంటులకు గుండెకాయ లాంటి లైనక్స్ కెర్నెల్‌లో కొత్తవి చేర్చుకోవడానికి తలుపు తెరిచి ఉంచేది రెండు వారాలే. ఆ తర్వాత ఏడెనిమిది వారాలు దిద్దుబాట్లే. చేర్చడానికి ఎంత, సరిచూడడానికి ఎంత అన్న ఆ పాళ్లు గమనించండి. మేం విడుదలకు నాలుగు వారాల ముందు కొత్త పనులు ఆపేస్తాం. తెర మీద కనిపించే మాటలను మూడు వారాల ముందే ఖరారు చేస్తాం. మాటల దగ్గర మరీ గట్టిగా ఉండండి. మీది నిఘంటువు కాబట్టి మీ గొడవలు మా కంటే ఘోరంగా ఉంటాయి. ఒకసారి విడుదలకు మూడు రోజుల ముందు ‘సెట్టింగులు’ తీసి ‘అమరికలు’ పెట్టాలని మొదలై, సహాయం పేజీలు, తెర చిత్రాలు అన్నీ మళ్లీ చేయాల్సి వచ్చింది. అవి చేసింది వాదించినవాళ్లు కాదు, నేను.

వారం సంగతి. కంపెనీల్లో శుక్రవారం సాయంత్రం విడుదల వద్దంటారు. మనకు లెక్క తిరగబడుతుంది. మేం శనివారం ఉదయం విడుదల చేస్తాం. ఏదైనా చెడితే దిద్దడానికి రెండు రోజులు చేతిలో ఉంటాయి. ఆదివారం రాత్రి చేస్తే ఫిర్యాదులు సోమవారం మీటింగులో ఉండగా వస్తాయి. ప్లే స్టోర్‌లో తనిఖీకి రోజులు పట్టవచ్చు. కాబట్టి ముందే పంపి, అనుమతి వచ్చాక మీరు చెప్పినప్పుడే బయటికి వెళ్లేలా పెట్టుకోండి. మొదట కొద్ది శాతం మందికే ఇవ్వండి. వెళ్లినదాన్ని వెనక్కి తీసుకోలేరు, ఆపగలరంతే. ఓపెన్ సోర్స్ యాప్‌ల దుకాణం ఎఫ్-డ్రాయిడ్ అయితే యాప్‌ను కోడు నుంచి తానే తయారుచేసుకుంటుంది, అక్కడ ఇంకొన్ని రోజులు కలుపుకోండి.

తేదీ ఎప్పుడూ జరపకూడదా అంటే, జరపవచ్చు. ఉబుంటు కూడా 2006లో ఆరు వారాలు జరిపింది. ముందే చెప్పి, ఒక్కసారే జరిపి, వర్షన్‌కు 6.06 అని పేరు పెట్టుకుంది. అలాంటిదే మరో వ్యవస్థ ఫెడోరాలో ఏ లోపం ఉంటే విడుదల ఆగాలో ముందుగానే రాసిపెట్టుకుంటారు. మా దగ్గర అలాంటివి మూడే ఉన్నాయి: టైపు చేస్తుంటే మూసుకుపోవడం, వాడుకరి చేర్చుకున్న పదాలు చెరిగిపోవడం, పాత ఫోన్లలో అసలు తెరుచుకోకపోవడం. ఇవి తప్ప మరేదీ, ఎవరికెంత బాధ కలిగించినా, తేదీని కదిలించదు.

మీ ఉగాది సంగతికి వస్తాను. అది మార్చి రెండో సగంలోనో ఏప్రిల్ మొదటి సగంలోనో వస్తుంది. అంటే లెక్కలు ముగించేవాళ్లకూ, పరీక్షలు రాసేవాళ్లకూ, ఊరికి వెళ్లేవాళ్లకూ ఒకేసారి. నేనైతే ఫిబ్రవరి చివరి శనివారానికి పెట్టుకుంటాను. పండగకు ఏదో ఒకటి ఇవ్వాలనే ఉంటే, అప్పటికి పేరుకుపోయి ఉండే చిన్న తప్పుల దిద్దుబాటు ఒకటి ఇవ్వండి. ఏదైనా ప్రకటించే ముందు మీ ఏడుగురిలో సంతకపు తాళం ఎవరి దగ్గరుందో, దాని నకలు ఇంకెవరి దగ్గరైనా ఉందో, ఆ ఇద్దరూ ఉగాదికి ఒకే బస్సెక్కుతున్నారో అడగండి.