జవాబు: వేసవి సెలవుల్లో నేపాల్ బడిలో పాఠాలు

కావలి మేడం గారూ, ఎండాకాలం సెలవుల్లో నేపాల్ కొండపల్లెలో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తే బడులుంటాయా, వీసా కావాలా, అక్కడ బస చేసేవాళ్లింట్లో తిండి పడుతుందా అని కదా మీ అనుమానం.

బడులుంటాయి. వాళ్లకు ఏప్రిల్ మధ్యలో కొత్త సంవత్సరం, కొత్త తరగతులూ అప్పుడే. వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు. ఆధార్ నమ్ముకుని విమానాశ్రయం దాకా పోవద్దు. గవర్నమెంటు టీచరైతే ముందు శాఖ అనుమతికి పెట్టుకోండి, ఆలస్యమంతా అక్కడే.

తిండికి బెంగొద్దు. పొద్దున పదింటికీ రాత్రికీ పప్పూ అన్నమే. పిల్లలు అది తినే బడికొస్తారు. ఇడ్లీ మాట మర్చిపోండి! గుంద్రుక్ అని పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూరతో పులుసు పెడతారు, గోంగూర తిన్న నోటికి తేలిగ్గానే ఎక్కుతుంది. కారం మనకు చాలదు, కాస్త కందిపొడి పట్టుకెళ్లండి. ఎంగిలి పట్టింపు గట్టిది: చెంబు మూతికి ఆనించకుండా ఎత్తి తాగండి, పొయ్యి దగ్గరికి పిలిస్తేనే వెళ్లండి.

మీకు హిందీ చదవడం వస్తే బోర్డు మీద ఇబ్బందుండదు, లిపి అదే. హాజరుపట్టీలో 2083 అని కనబడితే కంగారు పడకండి, అది వాళ్ల కేలండరు, విక్రమ సంవత్ ప్రకారం ఏడాది. మే నెలలో మన ఏడాదికి 57 కలిపితే సరి.