డాబా మీద రేడియో యాంటెన్నాకు, ఇంట్లో మిగిలిన టీవీ కేబుల్ వాడొచ్చా?

వినడానికి మాత్రమే అయితే నిక్షేపంగా వాడండి. టీవీ వాళ్ల ఆర్‌జీ-6 కేబుల్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు కేబుల్ చూపే నిరోధం లాంటి కొలత) 75 ఓమ్‌లు; హామ్ సెట్లకు మామూలుగా 50. రిసీవర్‌కు ఆ తేడా పెద్దగా పట్టదు. హామ్ (అభిరుచి కొద్దీ రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సుతో మాట్లాడాలంటే 50 ఓమ్‌ల కేబుల్ కొనండి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి ఆర్‌జీ-58 చాలు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం అదే కేబుల్ 30 మీటర్లు వేస్తే సెట్ పవర్‌లో సుమారు ముప్పావు వంతు దారిలోనే ఆవిరి! లావుపాటి ఆర్‌జీ-213లో దాదాపు సగం మిగులుతుంది. నన్నడిగితే ముందు కేబుల్ పొడవు తగ్గించుకోండి.

అసలు శత్రువు వాన నీరు. పై కనెక్టర్‌లోకి చెమ్మ దిగితే లోపలి రాగి అల్లిక నల్లబడుతుంది. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు ఊడిపోతుంది; సాగదీసి చుడితే తనంతట తానే అతుక్కునే రబ్బరు టేపు వాడండి. కిటికీలోకి వచ్చేముందు కేబుల్‌ను కాస్త కిందికి వేలాడనిస్తే నీళ్లు అక్కడే కారిపోతాయి. ఉరుములు మొదలవకముందే సెట్ నుంచి కేబుల్ పీకేయండి.