నీ వ్యాసంలో పాట వినపడలేదు

తమ్ముడూ,

స్లొవేనియన్ రాక్ బ్యాండు లాచ్ని ఫ్రాంట్స్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పెద్ద తప్పుల్లేవు. స్లొవేనియాలోని మరిబోర్ ఊళ్లో 1979లో మొదలయ్యారు, 1981లో ‘ఇకెబానా’, 82లో ఒకటి, 83లో ఇంకొకటి అంటూ ఆల్బమ్‌లన్నిటినీ రేషన్ షాపు ముందు జనంలా లైన్లో నిలబెట్టావు, ఒక్క పాటైనా వినపడదే! నా మొదటి సంగీత వ్యాసమూ ఇలాగే ఏడిచింది. ఒక పత్రిక ఎడిటర్ అంచున పెన్సిల్‌తో ‘ఇంతకీ విన్నావా?’ అని రాసి తిప్పి పంపాడు. విన్లేదు మరి.

పేరు దగ్గరే కాసేపు ఆగు. ఆకలిగొన్న ఫ్రాంట్స్ అని అర్థం. స్లొవేనియన్‌లో ఆ పేరు చివర ‘సి’ రాస్తారు, వీళ్లు జర్మన్ పద్ధతిలో ‘జెడ్’ పెట్టారు. పలికితే తేడా తెలియదు, రాస్తే తెలుస్తుంది. 1918 దాకా ఆస్ట్రియా ఏలుబడిలో, జర్మన్ మాటల మధ్య బతికిన ఊరి కుర్రాళ్లు ఆ ఒక్క అక్షరంతో ఎంత వెటకారం చేశారో చూడు.

రెండోది భాష. అప్పటి యుగోస్లావియా జనం రెండు కోట్ల పైచిలుకు, అందులో స్లొవేనియా వాటా 20 లక్షలకు కాస్త అటూ ఇటూ. దేశంలో ఎక్కువమంది మాట్లాడే సెర్బో-క్రొయేషియన్‌లో పాడితే మార్కెట్టంతా ముందుండేది, అయినా బ్యాండుకి పాటలు రాసి పాడే జొరాన్ ప్రెడిన్ ఇంటి భాష స్లొవేనియన్‌లోనే రాశాడు. 1982 ఆల్బమ్ పేరుకి ‘ఉంటా మరి, బుద్ధీ’ అని అర్థం. మరుసటేడు వచ్చినదాని పేరైతే ‘నా కాలర్ మీద ఊపిరి వదలకు’, అదీ వ్యాకరణం పుస్తకంలో ఉన్నట్టు కాదు, వీధిలో అనే తీరులో. ఆ భాషలో ఇంకా ద్వివచనం బతికే ఉంది. ‘మనం’ వేరు, ‘మనిద్దరం’ వేరు. (మనకున్న మనం, మేము తేడా మాత్రం వాళ్లకు లేదులే.) ప్రేమపాట రాసేవాడికి అంతకంటే ఏం కావాలి? ఇది నీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు.

1991లో దేశం విడిపోవడం, 90ల చివర బ్యాండు ఆగిపోవడం, ప్రెడిన్ ఒంటరిగానూ, రోమా (జిప్సీ) జనం సంగీతం వాయించే షుకార్ బృందంతోనూ పాడటం, ఏళ్ల తర్వాత కొత్త మనుషులతో మళ్లీ అదే పేరు మీద రావడం, వీటికి నాలుగు లైన్లు చాలు.

ఆదివారంలోగా తిరగరాసి పంపు. మూడో పేజీలో ప్రెడిన్ కాస్తా ప్రెడిక్ అయ్యాడు, దిద్దుకో.