మా వీధిలో మేమే స్పీడ్ బ్రేకర్ వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది ఇళ్ల మధ్య ఇరుకు వీధి. మెయిన్ రోడ్డులో ట్రాఫిక్ తప్పించుకోవడానికి కార్లు, బైకులు మా వీధిలోంచి దూసుకుపోతున్నాయి. మొన్న పక్కింటి పాప వెంట్రుకవాసిలో బతికిపోయింది. స్టేషన్‌కి వెళ్తే "ఎంత స్పీడో రుజువుందా?" అని అడిగి పంపేశారు. చందాలేసుకుని స్పీడ్ బ్రేకర్ కట్టేద్దామని కుర్రాళ్లు అంటున్నారు. కట్టొచ్చా?

జవాబు: దయచేసి కట్టకండి. మీ భయం నాకు అర్థమైంది, ఆ పాప సంగతి చదివాక నాకూ మనసు కుదుట పడలేదు. కానీ రోడ్డు మీది కాదు. అనుమతి లేని దిబ్బ మీద రాత్రిపూట ఎవరైనా బైకు మీంచి పడితే, కేసు చందా వేసుకున్న వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. రోడ్లకు ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుంటే, బండి పోయే దిశలో 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ముందుగా హెచ్చరించే బోర్డు కూడా ఉండాలి. ఒక్క రాత్రిలో పోసిన సిమెంటు గట్టు ఇలా ఉండదు.

ఇక స్టేషన్‌లో చెప్పిన మాట సగమే నిజం. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ కింద అతివేగానికి శిక్ష పడాలంటే "చాలా స్పీడుగా పోయాడు" అని ఒక్క సాక్షి తన అంచనా చెబితే చాలదు, ఆ అంచనాకు పరికరం ఆధారం ఉండాలి. పైగా 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ మునిసిపల్ పరిధిలో కార్లకు 70, బైకులకు 60 కిలోమీటర్ల దాకా వేగాన్ని అనుమతించింది. అంటే తక్కువ పరిమితి పెట్టని వీధిలో 60లో వచ్చిన కారు అతివేగం లెక్కలోకే రాకపోవచ్చు!

మీకు పనికొచ్చేది అదే చట్టంలోని 184వ సెక్షన్. అందులో వేగం ఎంతో అంకె అక్కర్లేదు. ఆ చోటు స్వభావాన్ని, అక్కడి రాకపోకలను బట్టి ప్రజలకు ప్రమాదకరంగా, లేదా రోడ్డు పక్కనున్న వాళ్లకు భయం కలిగేలా నడిపినా నేరమే. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కూడా ఇలాంటిదే. ఫిర్యాదులో "అతివేగం" అని రాసి వదిలేయకండి. పిల్లలు ఆడుకునే చోటని, బండి నంబరు, తేదీ, సమయం, ఎవరు ఎలా భయపడ్డారో రాయండి.

నడిపేది మైనరైతే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ అబ్బాయి మీ వీధివాడే అయితే ముందు ఇంటికెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడండి. బళ్లకు అడ్డం పడి గొడవకు మాత్రం దిగవద్దు, అక్రమంగా అడ్డగించారన్న కేసు మీ మీదికే రావచ్చు.

అసలు పరిష్కారం మాత్రం అర్జీయే. అదే చట్టం 112వ సెక్షన్ కింద ఫలానా రోడ్డుకు తక్కువ వేగ పరిమితి పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన వారికి ఉంది. పరిమితి బోర్డు, ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ కావాలని అందరూ సంతకాలు చేసి మునిసిపల్ కమిషనర్‌కు, ట్రాఫిక్ పోలీసులకు ఇచ్చి, రసీదు తీసుకోండి. వీధిలో రెండు ఇళ్ల గేట్ల మధ్య దూరం టేపుతో కొలిచి, బళ్లు దాన్ని ఎన్ని సెకన్లలో దాటుతున్నాయో రాసి జతచేయండి. 50 మీటర్లు 3 సెకన్లలో దాటితే అది గంటకు 60 కిలోమీటర్లు. శిక్షకు ఇది చాలకపోయినా అర్జీకి మంచి బలం.

నెలలు గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు కింద అడగండి, ఆ తర్వాత రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయండి, అంటే అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని కోరండి. డబ్బు లేదన్న సాకుతో మునిసిపాలిటీ బాధ్యత తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం మునిసిపాలిటీ కేసులో చెప్పింది. అది మురుగు కాల్వల గొడవే అయినా మీకూ అక్కరకొస్తుంది.

పాప తప్పించుకున్న రోజు సీసీ కెమెరా రికార్డు ఉంటే ఈరోజే కాపీ తీయించండి. చాలా కెమెరాల్లో కొన్నాళ్లకు పాత రికార్డు దానంతటదే చెరిగిపోతుంది.