ఇజ్జత్ ఎవరిది, అక్కా?

మిర్యాలగూడ నుంచి ఒక అక్క రాశారు. భర్త పోయి ఆరేళ్లయింది. వాడకట్టులోని ఆరుగురు పిల్లలను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లోనే చూసుకుంటారు. తల్లుల్లో కొందరు రైస్ మిల్లుల్లో, ఒకామె ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తారు. పోయిన నెల రెండేళ్ల బాబు గడప మీద పడి నుదురు చిట్లింది. మూడు కుట్లు పడ్డాయి. తల్లి వాకిట్లో నిలబడి అరిచింది. హైదరాబాద్‌లో ఉండే కొడుకు, ‘పక్కోళ్ల పిలగాళ్ల ముడ్డి కడుగుడు నీకెందుకు, మా ఇజ్జత్ పోతుంది’ అన్నాడు. పని మానెయ్యాలా, రేటు పెంచాలా అని అడుగుతున్నారు.

అక్కా, రేటు సంగతి ఆ తల్లులతో కూర్చుని తేల్చుకోండి. మిమ్మల్ని తినేస్తున్నది అది కాదు. ఉత్తరంలో బాబు గురించి నాలుగు వాక్యాలే ఉన్నాయి, మిగిలిందంతా కొడుకు గురించే. అతను పైసలు పంపుతున్నట్టు ఎక్కడా రాయలేదు. కరెంటు బిల్లు, బీపీ గోళీలు ఈ పిల్లల పైసలతోనే గడుస్తున్నాయి. కోడలు ఉద్యోగానికి పోతే మనవరాలిని రెండేళ్లు చీర ఉయ్యాలలో ఊపింది మీరే. అప్పుడు పోని ఇజ్జత్ ఇప్పుడెట్ల పోతది? ఆ మాట కొడుకును మీరే అడగాలి. కష్టం చేసి బతికే తల్లి కొడుకు అనుమతి కోసం చూడటం నాకు నచ్చదు.

అయితే తప్పు మీవైపూ ఉంది. ఇద్దరు పాకే పిల్లలతో కలిపి ఆరుగురిని చూసుకోవడం ఒక్క మనిషి వల్ల కాదు. బాబు పడ్డప్పుడు మీరు పొయ్యి దగ్గర ఉన్నారు. మూడేళ్లు నిండిన ఇద్దరినీ అంగన్‌వాడీకి పంపించండి. అక్కడ అన్నం, గుడ్డు, ఆటపాటలు ఉంటాయి, మీకూ ఆ పూట చేతులు ఖాళీ అవుతాయి. చిన్నవాళ్లకు అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పోషకాహార ప్యాకెట్లు తల్లులు తెచ్చుకుంటున్నారో లేదో కనుక్కోండి. అంగన్‌వాడీ టీచరుతో పరిచయం పెంచుకోండి, పిల్లల బరువు సరిగా పెరగకపోతే ముందు చెప్పేది ఆమే. అంగన్‌వాడీలోనే పసిపిల్లలను ఉంచుకునే ‘పాల్నా’ పథకం 2022లో వచ్చింది, మీ దగ్గర ఉందేమో అంగన్‌వాడీలను చూసే అధికారి (సీడీపీవో) ఆఫీసులో అడగండి. ఆసుపత్రిలో పనిచేసే ఆమెకు ఇంకో మాట చెప్పండి: చట్టం ప్రకారం 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లలను ఉంచే ఏర్పాటు యజమానే చూడాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు.

తల్లుల ఫోన్ నంబర్లు గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. జ్వరం మందు తల్లి చెప్పనిదే పొయ్యకండి.

ఈ సాయంత్రం ఆ బాబు ఇంటికి వెళ్లండి. ‘నేను చూసుకోలేకపోయిన, బిడ్డా’ అని ఆ తల్లితో చెప్పి, కుట్లు ఎట్ల మానుతున్నాయో చూసి రండి. కొడుక్కి ఫోన్ ఆ తర్వాత చేయండి.